నది ఒడ్డున నగరం సొమ్ము: జనం రాకపోతే నష్టం ఎవరిది?

లండన్‌లో థేమ్స్ నది మీద ఒక తోట వంతెన రావాల్సింది. బండ్లు తిరగవు, నడిచేవాళ్లకి మాత్రమే. మీద 270 చెట్లు, వేల పూల మొక్కలు. నటి జోవన్నా లమ్లీకి వచ్చిన ఆలోచన అది. డిజైన్ థామస్ హెదర్విక్‌ది, వెనక అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్ అండ. 2017 ఆగస్టులో ఆ ప్రాజెక్టుని మూసేశారు. అప్పటికే అయిన ఖర్చు దాదాపు 5.3 కోట్ల పౌండ్లు. అందులో 4.3 కోట్లు జనం కట్టిన పన్నుల్లోంచి పోయినవి. నదిలో ఒక్క స్తంభం కూడా లేవలేదు.

డబ్బు ఎవరో సంచిలో వేసుకుని పారిపోయిన కథ కాదిది. డిజైనర్లకి, ఇంజనీర్లకి, లాయర్లకి, కాంట్రాక్టరుకి బిల్లుల మీద చెల్లించిందే ఎక్కువ. అందుకే కాస్త ఓపికగా విప్పి చూడాలనిపిస్తుంది. ఎందుకు ఆగిపోయిందో చివర్లో చెబుతాను, దానికి ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఊరి నడిబొడ్డున, నది పక్కన, బయటి జనాన్ని రప్పించే ఒక పెద్ద ఆకర్షణ కట్టాలంటారు. అక్వేరియం కావచ్చు, మ్యూజియం కావచ్చు, జెయింట్ వీల్ కావచ్చు. కట్టేది ఏదైనా గొడవ మాత్రం ఒకేలా నడుస్తుంది. "ఊరు బాగుపడుతుంది" అని ఒకరు, "రోడ్ల మీద గుంతలు పూడ్చడానికి లేని డబ్బు దీనికెక్కడిది" అని ఇంకొకరు. ఇద్దరూ వాదించుకునేది కట్టడానికయ్యే ఖర్చు గురించే. నేనైతే ముందు వేరే కాగితం అడుగుతాను. అనుకున్నంత మంది రాకపోతే ఆ లోటు ఎవరు పూడ్చాలని రాసుకున్నారు? ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతటవే వదులవుతాయి.

ఈ తరహా ప్రతిపాదనలు ఎక్కువగా కనిపించేది అమెరికాలో. అక్కడ చాలా నగరాలు పుట్టిందే నది రేవుల దగ్గర. సరుకు రవాణా రైళ్లకి, తర్వాత లారీలకి మారిపోయాక రేవులు పాడుబడ్డాయి, వాటి పక్కనున్న ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనం శివారు కాలనీలకి తరలిపోతే, షాపులు కూడా వాళ్ల వెనకే మాల్స్‌లోకి వెళ్లిపోయాయి. ఇక డౌన్‌టౌన్‌లో మిగిలింది ఖాళీ జాగా, దాని పక్కన ఎవరూ చూడని నది. ఏ మేయరుకైనా అక్కడ ఏదో ఒకటి కట్టాలనిపించడంలో వింత లేదు.

డబ్బు ఏ గుమ్మంలోంచి వస్తుంది

"ప్రభుత్వం ఇస్తోంది" అన్న రెండు మాటల వెనక ఐదారు రకాల డబ్బు ఉంటుంది. రాష్ట్రమో కేంద్రమో ఇచ్చే గ్రాంటు తిరిగి కట్టక్కర్లేనిది. నగరం తన జాగాని ఏడాదికి ఒక డాలరు లీజుకి ఇస్తే అదీ సాయమే, కానీ బడ్జెట్ పుస్తకంలో ఖర్చుగా కనిపించదు. ఆస్తి పన్ను కొన్నేళ్లు మాఫీ చేస్తే అదీ అంతే. హోటల్ గదుల మీద అదనపు పన్ను వేస్తే, ఆ భారం ఊళ్లోవాళ్ల కంటే బయటినుంచి వచ్చేవాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. రాజకీయ నాయకులకి ఆ పన్నంటే అంత ఇష్టం ఉండటానికి కారణం అదే: గది తీసుకున్న అతిథికి ఆ ఊళ్లో ఓటు ఉండదు కదా.

వీటన్నిటికంటే పెద్దది అప్పు. అమెరికన్ నగరాలు బాండ్లు అమ్మి అప్పు తెస్తాయి. ఆ బాండ్ల మీద వచ్చే వడ్డీకి సాధారణంగా ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు, కాబట్టి కొనేవాళ్లు తక్కువ వడ్డీకే ఒప్పుకుంటారు. అంటే ఒక ఊరి నదీతీరానికి, ఆ ఊరి పేరు కూడా వినని దేశంలోని మిగతా జనం కూడా కొంత సాయం చేస్తున్నట్టే.

బాండ్లలో ముఖ్యంగా రెండు రకాలు. జనరల్ ఆబ్లిగేషన్ బాండు అంటే నగరం తన పన్నులన్నిటినీ చూపించి తెచ్చిన అప్పు, ఏం జరిగినా తీర్చాల్సిందే. వీటికి చాలాచోట్ల ప్రజల ఓటు కావాలి. రెవెన్యూ బాండు అలా కాదు. ఆ కట్టడం సంపాదించే టికెట్ల డబ్బులోంచే దాన్ని తీరుస్తారు. సంపాదన రాకపోతే నష్టం బాండు కొన్నవాడిది. సెయింట్ లూయిస్‌లో మిసిసిపీ ఒడ్డున 1965లో పూర్తయిన గేట్‌వే ఆర్చ్ అనే ఎత్తైన కమానులో పన్నుల డబ్బు, టికెట్ల డబ్బు అనే రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆర్చ్ కట్టింది ఫెడరల్ ప్రభుత్వం, ఎక్కువగా తన డబ్బుతోనే, నగరం కూడా కొంత వాటా పెట్టింది. దాని లోపల జనాన్ని పైకి తీసుకెళ్లే ట్రాముకి మాత్రం ఒక ప్రాంతీయ సంస్థ రెవెన్యూ బాండ్లు తెచ్చి టికెట్ల మీద తీర్చుకుంది. సంపాదించే భాగానికి సంపాదన మీద అప్పు, సంపాదించని భాగానికి పన్నుల డబ్బు. చూడ్డానికి ముచ్చటైన ఏర్పాటు.

చిక్కు ఎక్కడంటే, రెవెన్యూ బాండు అని పేరు పెట్టి, కింద చిన్న అక్షరాల్లో "లోటు వస్తే నగరం పూడ్చును" అని రాయడంలో. ఆ ఒక్క వాక్యంతో బాండుకి వడ్డీ తగ్గుతుంది, అమ్మడం తేలికవుతుంది. మీటింగులో మాత్రం "పన్ను కట్టేవాళ్ల మీద పైసా భారం లేదు" అని ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఆ రోజుకి అది అబద్ధం కూడా కాదు. టాంపా నగరం నీటి ఒడ్డున కట్టిన ఫ్లోరిడా అక్వేరియం 1995లో తెరుచుకుంది. దాదాపు 8.4 కోట్ల డాలర్ల బాండ్లు, టికెట్లతోనే తీరిపోతాయని లెక్క. అనుకున్నంత మంది రాలేదు. రెండేళ్లు తిరక్కుండానే ఆ అప్పు నగరం నెత్తికెక్కింది. అక్వేరియం మూతపడలేదు, ఇప్పటికీ నడుస్తోంది, పిల్లలు ఇష్టంగానే వెళ్తారు. అప్పు కట్టింది మాత్రం అందులోకి ఎప్పుడూ అడుగుపెట్టనివాళ్లు కూడా.

పెరిగిన పన్నుని ముందే ఖర్చు పెట్టడం

ఇక అందరినీ తికమక పెట్టే పద్ధతి ఒకటుంది. టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్, ముద్దుగా టిఫ్. అధికారులు దీన్ని వివరించేటప్పుడు జనం ముఖాలు చూస్తే పాపం అనిపిస్తుంది, అంత గందరగోళం. నిజానికి విషయం చిన్నదే.

నది పక్కన ఒక ప్రాంతానికి గీత గీస్తారు. ఆ గీత లోపలి ఆస్తుల మీద ఇవాళ ఏటా 10 లక్షల డాలర్ల పన్ను వస్తోందనుకుందాం. అంతవరకే బడులకి, కౌంటీకి (మన జిల్లా లాంటిది), నగర ఖజానాకి ఎప్పటిలా వెళ్తుంది, అక్కడే ఆపేస్తారు. ఆకర్షణ కట్టాక చుట్టుపక్కల భూముల ధర పెరిగి, పదేళ్ల తర్వాత పన్ను 25 లక్షలైతే, పెరిగిన 15 లక్షలు ఖజానాకి రావు. ఆ ప్రాజెక్టు కోసం తెచ్చిన అప్పు తీర్చడానికి పోతాయి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ప్రాజెక్టు వల్ల పెరగబోయే పన్నుతోనే ప్రాజెక్టు కట్టుకోవడం.

వినడానికి ఎవరి జేబూ చిరగనట్టే ఉంటుంది. కానీ ఆ పెరుగుదల అంతా ప్రాజెక్టు వల్లేనా? ఊరంతా భూముల ధరలు పెరుగుతుంటే ఈ గీత లోపల కూడా ఏమీ కట్టకపోయినా కొంత పెరిగేది. ఆ కొంత మామూలుగానైతే బడులకి అందేది. అందుకే చాలా రాష్ట్రాల్లో "ఇది లేకపోతే ఇక్కడ అభివృద్ధి జరగదు" అని తేల్చాలనే నియమం పెట్టారు. తేల్చే నివేదిక రాసే కన్సల్టెంటుని నియమించేది సాధారణంగా ప్రాజెక్టు కావాలనుకునేవాళ్లే. వాళ్లు ఏం రాస్తారో ఊహించడానికి జ్యోతిషం రానక్కర్లేదు. రెండో చిక్కు దీనికి పూర్తిగా తిరగబడినది. అసలు ధరలే పెరగకపోతే? బాండ్లు అమ్మేశారు, వాయిదాలు మొదలయ్యాయి, పెరుగుదల రాలేదు. మళ్లీ అదే ప్రశ్న, పూచీ ఎవరిది?

ఈ పద్ధతికి 1952లో పునాది వేసింది కాలిఫోర్నియా. అరవై ఏళ్ల తర్వాత, బడ్జెట్ లోటుతో సతమతమవుతూ, దాన్ని నడిపే 400 దాకా స్థానిక పునరభివృద్ధి సంస్థలని 2012 ఫిబ్రవరిలో రద్దు చేసింది కూడా కాలిఫోర్నియానే. బడులకి పోయిన పన్నుని రాష్ట్రం తన ఖజానాలోంచి పూడ్చాల్సి రావడం దానికి ఒక ముఖ్య కారణం.

ఎంతమంది వస్తారు?

ఈ లెక్కలన్నీ ఒక అంకె మీద నిలబడి ఉంటాయి: ఏడాదికి సందర్శకులు ఎందరు. అది తప్పితే కింద పునాది లేనట్టే.

మిషిగన్‌లోని ఫ్లింట్ కార్ల ఫ్యాక్టరీల ఊరు. ఉద్యోగాలు పోతుంటే పర్యాటకంతో ఊరిని నిలబెట్టాలని డౌన్‌టౌన్‌లో నదికి దగ్గరగా ఆటోవరల్డ్ అనే ఇండోర్ థీమ్ పార్కు కట్టారు. 1984 జులైలో తెరిచారు, ఖర్చు సుమారు 8 కోట్ల డాలర్లు, అందులో ప్రభుత్వ సొమ్మూ ఉంది, ఒక పెద్ద ఫౌండేషన్ సొమ్మూ ఉంది. ఏటా 9 లక్షల మంది వస్తారని అంచనా. ఆరు నెలలకే తలుపులు మూశారు. తర్వాత అప్పుడప్పుడు తెరిచి చూశారు, లాభం లేకపోయింది. 1997లో కూల్చేశారు. ఆ జాగాలో ఇప్పుడు విశ్వవిద్యాలయం భవనాలున్నాయి. కొన్నాళ్లు నడిచిన పార్కు కంటే ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న తరగతి గదులే ఆ డౌన్‌టౌన్‌కి జనాన్ని ఎక్కువ తెచ్చి ఉంటాయని నా అనుమానం.

ఫ్లింట్ అంత దారుణంగా చాలా చోట్ల జరగదు. ఎక్కువగా జరిగేది కామ్డెన్‌లో జరిగింది. ఫిలడెల్ఫియాకి ఎదురుగా, డెలావేర్ నది ఒడ్డున, న్యూజెర్సీ రాష్ట్రం 1992లో ఒక అక్వేరియం తెరిచింది. తొలి ఏడాది జనం విరగబడ్డారు, 10 లక్షలు దాటారు. తర్వాత బాగా పడిపోయారు. స్థానిక సముద్రంలో దొరికే చేపలనే పెట్టారట, అవన్నీ రంగు లేనివి, గోధుమ రంగు చేపల్ని చూడ్డానికి రెండోసారి ఎవరొస్తారని జనం నవ్వుకున్నారు. చివరికి ఒక ప్రైవేటు కంపెనీ చేతికిచ్చి, విస్తరించి, 2005లో కొత్త పేరుతో మళ్లీ తెరవాల్సి వచ్చింది.

చేపల రంగు మాట అటుంచితే, అందులో ఒక నియమం ఉంది. టికెట్ పెట్టి చూపించే ఏ ఆకర్షణకైనా మొదటి ఏడాది కొత్త అల్లుడి మర్యాద. ఊళ్లోవాళ్లంతా ఒకసారి చూసొస్తారు. రెండో ఏడాది నుంచి దూరం వాళ్లు రావాలి, లేదా చూసినవాళ్లే మళ్లీ రావడానికి లోపల కొత్తది ఏదో పెట్టాలి. ఆ కొత్తదానికి మూడేళ్లకో ఐదేళ్లకో మళ్లీ పెట్టుబడి కావాలి. ప్రతిపాదనలో ఈ పద్దు చాలాసార్లు ఉండదు, ఉన్నా పలచగా ఉంటుంది. కట్టడం ఖర్చు తక్కువగా, జనం సంఖ్య ఎక్కువగా వేయడం ఒక్క చోటి జబ్బు కాదు. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యర్గ్ తన సహచరులతో కలిసి 2002లో 258 రవాణా ప్రాజెక్టుల లెక్కలు తీస్తే, పదింట తొమ్మిదింటిలో ఖర్చు తక్కువ చూపించారని తేలింది. అసలు ఖర్చు సగటున 28 శాతం ఎక్కువైంది. రోడ్లు, రైళ్లు, వంతెనలకే అలా ఉంటే, ముందు ఎవరూ కట్టని ఆకారంతో వచ్చే కట్టడాల ఎస్టిమేట్లు తడిసి మోపెడవడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత లాభాల లెక్క. ఒక సందర్శకుడు టికెట్ కొంటాడు, భోజనం చేస్తాడు, గది తీసుకుంటాడు. ఆ హోటల్ వంటవాడు తన జీతంతో బట్టలు కొంటాడు. ఇలా ఒక డాలరు ఊళ్లో ఎన్ని చేతులు మారుతుందో లెక్కగట్టడానికి సాఫ్ట్‌వేర్లున్నాయి. వాటిలో తప్పేం లేదు, లోపలికి ఏం వేశామన్నదే ముఖ్యం. ఊళ్లోనే ఉండే కుటుంబం సినిమాకి వెళ్లే బదులు అక్వేరియంకి వెళ్తే ఊరికి కొత్తగా వచ్చింది సున్నా, సినిమా హాలు డబ్బు ఇటు మళ్లిందంతే. ఇంకేదో పని మీద వచ్చి, సాయంత్రం ఖాళీ ఉండి చూసిన అతిథి గది అద్దెని కూడా ఈ కట్టడం ఖాతాలో రాయకూడదు. ఉద్యోగాల దగ్గరా ఇంతే. 100 మంది కూలీలు మూడేళ్లు పనిచేస్తే దాన్ని 300 ఉద్యోగ సంవత్సరాలంటారు. వార్తలోకి వచ్చేసరికి "సంవత్సరాలు" రాలిపోయి 300 ఉద్యోగాలు మిగులుతాయి.

బాగా జరిగిన చోట ఏం చేశారు

ఇంత చెప్పాక, నదీతీరాల మీద ప్రభుత్వ సొమ్మే పెట్టకూడదు అంటున్నానని అనుకోవద్దు. టెనసీలోని చాటనూగా ఉంది చూడండి. 1969లో దేశంలోకెల్లా గాలి చెడిపోయిన నగరమని పేరు మోసిన ఊరది. 1992లో డౌన్‌టౌన్ నది ఒడ్డున టెనసీ అక్వేరియం తెరిచారు. దాని 4.5 కోట్ల డాలర్లూ ప్రైవేటు విరాళాలే. తర్వాత 2000ల మొదట్లో అప్పటి మేయర్ బాబ్ కోర్కర్ హయాంలో 12 కోట్ల డాలర్ల నదీతీర పథకం వచ్చింది. దాదాపు సగం విరాళాలు, ప్రభుత్వ వాటాకి పెద్ద ఆధారం హోటల్ పన్ను. 2005లో పూర్తయింది.

ఇందులో నాకు నచ్చేది పని పంచుకున్న తీరు. లాభనష్టాల జూదం ఎక్కువున్న కట్టడాన్ని దాతలు ఎత్తుకున్నారు. నగరం ప్రధానంగా టికెట్ లేనివాటి మీద పెట్టింది: నడక దారులు, పార్కులు, నీటి దగ్గరికి దిగే మెట్లు. అక్వేరియంకి జనం తగ్గినా ఆ నడక దారి విలువ తగ్గదు. పొద్దున్నే నడిచే ముసలాయన ఆ ఊరివాడే, పన్ను కట్టినవాడే.

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో నది వెంబడి ఉన్న నడక దారి, రివర్ వాక్, ఇంకో పద్ధతి. 1930ల చివర నది పక్కన ఆస్తులున్నవాళ్లు తమ మీద తామే ఒక ప్రత్యేక పన్ను వేసుకుని 75,000 డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు. మిగతా పెద్ద వాటా ఫెడరల్ ఉపాధి పథకానిది. లాభం ఎవరికి ఎక్కువో వాళ్లు ముందు చెయ్యి వేశారన్నమాట. దాన్ని చూడ్డానికి బయటివాళ్లు విరగబడి రావడానికి మళ్లీ పాతికేళ్లు పట్టింది, 1968 ప్రపంచ ప్రదర్శన దాకా. అంత ఓపిక ఇప్పటి నాలుగేళ్ల పదవుల్లో ఎవరికుంటుందో మరి.

బిల్బావో పేరెత్తకుండా ఈ చర్చ ముగియదు. స్పెయిన్‌లో నెర్వియోన్ నది పక్కన 1997లో తెరిచిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం అక్కడి బాస్క్ ప్రాంతీయ ప్రభుత్వానికి పేరు తెచ్చింది, డబ్బూ తెచ్చింది. కానీ అక్కడివాళ్లు అంతకుముందే మెట్రో వేశారు, నదిని శుభ్రం చేశారు, రేవుని సముద్రం వైపు జరిపారు. ఆ మెరిసే భవనాన్ని మాత్రమే చూసి వచ్చి మా ఊళ్లోనూ ఒకటి కడతామన్న నగరాలెన్నో. పెళ్లిలో భోజనం బాగుందని, తిరిగొచ్చి పెరుగు ఒక్కటే తోడేసినట్టు.

అలా ఒకటి మీ ముందుకొస్తే అడగాల్సినవి రంగుల బొమ్మలో కనిపించవు. దాతల సొమ్ము బ్యాంకులో పడిందా, మాట మాత్రమేనా? దాత "నగరం ఇస్తే నేనిస్తా" అని, నగరం "దాత ఇస్తే నేనిస్తా" అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఈలోగా డిజైన్ ఖర్చులకి మాత్రం నగరం చెక్కులు రాస్తోందా? ప్రభుత్వ సొమ్ము ముందు పోతోందా, చివర్లో పోతోందా? మూతపడితే ఆ భవనం ఇంకెందుకైనా పనికొస్తుందా?

థేమ్స్ వంతెన దగ్గర జరిగింది ఇదే. ప్రభుత్వం 6 కోట్ల పౌండ్లు ఇస్తానంది, మిగతాది విరాళాలన్నారు. అంచనా ఖర్చు 20 కోట్లు దాటిపోయింది. ఇద్దరు పెద్ద దాతలు వెనక్కి తగ్గారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దక్షిణ ఒడ్డున జాగా చేతికి రాకముందే నిర్మాణ కాంట్రాక్టు మీద సంతకాలైపోయాయి. 2017 ఏప్రిల్‌లో మాజీ మంత్రి మార్గరెట్ హాడ్జ్ ఇచ్చిన నివేదిక వీటన్నిటినీ ఏకిపారేసింది.

అయినా దాన్ని చివరికి ఆపింది కట్టుబడి ఖర్చు కాదు. వంతెన కట్టాక ఏటా చెట్లకి నీళ్లు, కాపలా, శుభ్రం, మరమ్మతులు కలిపి సుమారు 30 లక్షల పౌండ్లు కావాలి. ఏడాదిలో 12 రోజులు జనానికి మూసేసి, విందులకీ వేడుకలకీ అద్దెకిచ్చి కొంత సంపాదిస్తామని వంతెన పని చూసే ట్రస్టు చెప్పింది. అది చాలకపోతే లోటు పూడుస్తానని ఎవరో ఒకరు పూచీ పడితే తప్ప పని మొదలుపెట్టకూడదని అనుమతుల్లోనే షరతు ఉంది. ఆ కాగితం కొత్త మేయర్ సాదిక్ ఖాన్ బల్ల మీదికి వచ్చింది. హాడ్జ్ నివేదిక చదివాక, అదే నెలలో, సంతకం పెట్టనని ఆయన ట్రస్టుకి ఉత్తరం రాశాడు.